యాభై వరకు చెప్పే పాప నాలుగు చెంచాలు ఎందుకు ఇవ్వలేకపోతోంది?

మీ ప్రశ్న సారాంశం ఇది: పాపకు నాలుగేళ్లు, కూకట్‌పల్లిలో ఎల్‌కేజీ చదువుతోంది. ఇంగ్లీషులో యాభై వరకు గడగడా చెబుతుంది. కానీ "నాలుగు చెంచాలు తీసుకురా" అంటే చేతికి అందినన్ని పట్టుకొస్తుంది. గోడకు అంకెల చార్టు అంటించారు, ఫ్లాష్ కార్డులు కొన్నారు. స్కూలు తొందరపెడుతోంది. ఇప్పుడు అబాకస్ (పూసల చట్రంతో లెక్కలు చేయించే) తరగతిలో చేర్చాలా, ఇంట్లో ఇంకేమైనా చేయాలా అని అడుగుతున్నారు. ఈ నగరంలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు చాలా ఏళ్లుగా చదువు చెబుతున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందుగా మీ భయం తీరాలి. పాపలో ఏ లోపమూ లేదు. ఆ వయసులో ఎంతోమంది పిల్లలు సరిగ్గా అక్కడే ఉంటారు. అంకెల వరస అప్పజెప్పడం ఒక పని, వస్తువులను లెక్కపెట్టడం మరో పని. వరస ఆమెకు పాటలా నోటికి వచ్చింది. ఏ మాట తర్వాత ఏ మాటో తెలుసు గానీ, ఆ మాటకూ కంటి ముందున్న చెంచాలకూ ఏమిటి సంబంధమో ఇంకా తెలియదు. ఆ సంబంధాన్ని కలిపేది చార్టూ కాదు, అబాకసూ కాదు. చేత్తో కదపగలిగి, ఒక్క చూపులో కంటికి ఆనే కొద్దిపాటి వస్తువులు చాలు.

పిల్లలు లెక్క ఎలా నేర్చుకుంటారనే విషయంలో రోషెల్ గెల్‌మన్, సి.ఆర్. గాలిస్టెల్ 1978లో రాసిన పుస్తకం ఇప్పటికీ ఈ రంగానికి పునాది. వారు చెప్పిన సూత్రాల్లో ఇంట్లో మనకు అక్కరకొచ్చేవి మూడు. ఒక్కో వస్తువుకు ఒక్కటే అంకె చెప్పాలి. అంకెల వరస ఎప్పుడూ మారకూడదు. చివర చెప్పిన అంకే మొత్తం ఎన్నో తెలుపుతుంది. మీ పాపకు వరస వచ్చేసింది. ఒక వస్తువుకు ఒక అంకె అన్నది సగమో ముప్పాతికో వచ్చి ఉంటుంది. చివరిది రావాలి. కష్టమంతా అందులోనే ఉంది.

కేరన్ విన్ అనే పరిశోధకురాలు 1990లో ప్రచురించిన పరిశీలనలో పిల్లల ముందు బొమ్మలు పెట్టి "ఒకటి ఇవ్వు", "మూడు ఇవ్వు" అని అడిగి చూశారు. అంకెల అర్థం పిల్లలకు ఒక్కసారిగా తెలియదని, మెట్టు మెట్టుగా తెలుస్తుందని తేలింది. మొదట "ఒకటి" అర్థమవుతుంది. ఆ దశలో రెండడిగినా ఐదడిగినా గుప్పెడు తీసి ఇచ్చేస్తారు. కొన్ని నెలలకు "రెండు", మరికొన్ని నెలలకు "మూడు". ఆ తర్వాత అసలు కిటుకు పట్టుబడి, ఎన్నడిగినా లెక్కపెట్టి ఇస్తారు. చాలామందికి ఇది మూడున్నర, నాలుగేళ్ల ప్రాంతంలో జరుగుతుంది. కొందరికి ఇంకొన్ని నెలలు పడుతుంది.

కాబట్టి ముందు మీ పాప ఏ మెట్టు మీద ఉందో చూడండి. ఒకే రంగు, ఒకే సైజు ఉన్న సీసా మూతలు పది తీసుకోండి. నేల మీద కుప్పగా పోసి, ఒక బొమ్మను పక్కన కూర్చోబెట్టి, "బొమ్మకు ఒకటి ఇవ్వు" అనండి. తర్వాత రెండు, మూడు, నాలుగు. ఒక్కో అంకెను వేర్వేరు రోజుల్లో రెండు మూడు సార్లు అడగండి, ఎందుకంటే ఒక్కోసారి గుప్పిట్లో సరిగ్గా మూడే వచ్చి మనల్ని మభ్యపెడతాయి. తప్పు, ఒప్పు అనకండి. "బొమ్మకు ఇచ్చావా, సరే" అని ఊరుకోండి. ఎక్కడ గుప్పెళ్లు మొదలయ్యాయో, దానికి ముందున్న అంకే పాప నిలబడిన మెట్టు. రెండు వరకే సరిగ్గా ఇస్తే, నాలుగు రోజులు మూడుతోనే ఆడాలి. యాభై సంగతి అప్పటిదాకా మరిచిపోవచ్చు.

స్కూలు తొందరపెడుతోందని మీరు రాశారు. దానికీ ఒక మాట. కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ (చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూసే పథకం) లక్ష్యాల ప్రకారం ఒకటో తరగతికి ముందటి ఏడాదిలో, అంటే ఐదారేళ్ల వయసులో, పిల్లలు 10 వరకు అంకెలు గుర్తుపట్టి చదవగలగాలి. 99 వరకు చదవడం, రాయడం ఒకటో తరగతి లక్ష్యం. ఎల్‌కేజీ పిల్లల చేత నోటుపుస్తకాల్లో వంద వరకు రాయించే స్కూళ్లు మన నగరంలో ఎన్నో ఉన్నాయి. ఆ రాతతో అంకె గీయడం వస్తుంది, చేయి నొప్పి వస్తుంది, అంకె విలువ మాత్రం రాదు. స్కూలువారితో మాట్లాడే ధైర్యం మీకుంటే ఈ లక్ష్యాల పత్రం చూపించి మాట్లాడండి. నాలుగేళ్ల పిల్లను నాలుగు చెంచాల దగ్గర నిలబెట్టి నేర్పడం వెనకబడటం కాదు.

ఇక గోడ చార్టు. 1 పక్కన ఒక ఆపిల్, 2 పక్కన రెండు బంతులు, 7 పక్కన ఏడు రంగురంగుల సీతాకోకచిలుకలు ఉంటాయి. పాప చూపు రెక్కల మీదికి, రంగుల మీదికి పోతుంది. ఏడు అనే సంగతి వాటి వెనక దాక్కుంటుంది. పైగా ఆ బొమ్మలు కదలవు, వాటికి ఇంకొకటి కలపలేము, ఒకటి తీసేయలేము. చాలా ఇళ్లలో చార్టు పెద్దవాళ్ల కంటి ఎత్తున ఉంటుంది కూడా. పారేయనక్కర్లేదు. కిందికి దించి పాప కంటి ఎత్తున పెట్టండి, ఐదు తర్వాతి భాగాన్ని మడిచేయండి. అంకెల ఆకారాలు గుర్తుపట్టడానికి పనికొస్తుంది, లెక్క నేర్పడానికి కాదు.

మీరు కొన్న ఫ్లాష్ కార్డులకన్నా మంచివి మీరే చేయవచ్చు. పాత పెళ్లిపత్రికల అట్టలు తీసుకోండి. ఫ్యాన్సీ షాపులో దొరికే స్టిక్కర్ బొట్టుబిళ్లలు ఒకే రంగువి, ఒకే సైజువి తెచ్చి ఒక కార్డు మీద ఒకటి, ఇంకోదాని మీద రెండు, మరోదాని మీద మూడు అంటించండి. మూడుకు రెండు కార్డులుండాలి: ఒకదానిలో వరసగా, ఇంకోదానిలో ముక్కోణంగా. మూడు అంటే ఒక ఆకారం అని పాప అనుకోకుండా ఉండటానికే ఈ జాగ్రత్త. కార్డును ఒక్క క్షణం చూపించి తిప్పేసి "ఎన్ని బొట్లు?" అనండి. మూడు వరకు మనిషి కంటికి లెక్కపెట్టకుండానే ఇన్ని అని తెలుస్తుంది, చిన్నపిల్లలకు కూడా. వేలు పెట్టి లెక్కపెట్టే వ్యవధి ఇవ్వకపోవడమే ఈ ఆటలో కీలకం. ఈ చూపు బలపడితే "మూడు" అన్న మాటకు పాప మనసులో ఒక రూపం ఏర్పడుతుంది. తర్వాత లెక్కపెట్టినప్పుడు వచ్చే మూడూ, ఈ చూసిన మూడూ ఒకటేనని తట్టినప్పుడే లెక్క అర్థమైనట్టు.

ఇప్పుడు లెక్కపెట్టడం. పాప పక్కన కూర్చుని ఆమె వేలిని గమనించండి. ఒకటి, రెండు, మూడు దాకా వేలు, మాట కలిసి నడుస్తాయి. తర్వాత వేలు ముందుకు ఉరుకుతుంది, లేదా మాట ఉరుకుతుంది. తెలుగులో చెబుతుంటే "ఎనిమిది" దగ్గర చూడండి: "ఎని" అని ఒక మూతను ముట్టి, "మిది" అని ఇంకోదాన్ని ముడతారు. అలా ఒకే అంకె రెండు మూతలకు పంచిపెట్టేస్తారు. వరసగా పెట్టకుండా చెల్లాచెదరుగా పోస్తే లెక్కపెట్టినదాన్నే మళ్లీ లెక్కపెడతారు. ఇవి తెలివితక్కువతనానికి గుర్తులు కావు. ఏవి అయిపోయాయి, ఏవి మిగిలాయి అన్నది గుర్తుపెట్టుకోవడం ఆ వయసుకు పెద్ద బరువు.

ఆ బరువును వస్తువులే మోయాలి. ఎడమ పక్క పళ్లెంలో మూతలు, కుడి పక్క ఖాళీ స్టీలు గిన్నె పెట్టండి. ఒక్కో మూత తీసి గిన్నెలో వేయాలి, టంగుమని చప్పుడు వచ్చినప్పుడే అంకె చెప్పాలి. చప్పుడుకు ఒక మాట, అంతే. లెక్కపెట్టినవి గిన్నెలోకి వెళ్లిపోయాయి కాబట్టి మళ్లీ వాటి జోలికి పోయే అవకాశం లేదు. చేత్తో ఎత్తి వేయడం వల్ల వేలి వేగమూ దానంతట అదే తగ్గుతుంది. వేలితో చూపిస్తూ లెక్కపెట్టమనడం దీని తర్వాతి మెట్టు. చేయి కదపకుండా కంటితో లెక్కపెట్టడం ఆ పై మెట్టు. చార్టులు, వర్కుబుక్కులు నేరుగా ఆ పై మెట్టు నుంచి మొదలుపెడతాయి.

ఇడ్లీ రేకు కూడా మంచి సాధనం. మామూలు రేకుకు నాలుగు గుంటలుంటాయి. గుంటకు ఒక మూత పెట్టమనండి. ఒక గుంట ఖాళీగా ఉంటే పాపకే తెలుస్తుంది, మీరు తప్పు పట్టనక్కర్లేదు. నాలుగు అంటే ఎలా ఉంటుందో కంటికి ఆనుతుంది.

చివరి అంకే మొత్తం అని తెలియని పిల్లలను గుర్తుపట్టడం తేలిక. ఐదు మూతలు చక్కగా లెక్కపెడతారు. "అయితే ఎన్ని ఉన్నాయి?" అంటే జవాబు చెప్పకుండా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతారు. మళ్లీ అడిగితే మళ్లీ మొదలుపెడతారు. వారి దృష్టిలో "ఎన్ని" అనేది లెక్కపెట్టమనే ఆజ్ఞ మాత్రమే. దీనికి నేను తరగతిలో చేసే పద్ధతి ఇది. మొత్తం ముందే చెప్పేస్తాను: "ఇవిగో, మూడు మూతలు." వెంటనే లెక్కపెడతాను: "ఒకటి, రెండు, మూడు." చివరి మాట దగ్గర ఆగి, మూతలన్నిటి చుట్టూ చేయి తిప్పి, "మొత్తం మూడు" అంటాను. ఆ తర్వాత వాటి మీద గిన్నె బోర్లిస్తాను. "గిన్నె కింద ఎన్ని?" ఇప్పుడు మళ్లీ లెక్కపెట్టడానికి కంటికి ఏమీ కనిపించవు, కాబట్టి పాప ఆ చివరి అంకెను గుర్తుచేసుకోవాల్సిందే. సరిగ్గా చెప్పాక గిన్నె ఎత్తి చూపిస్తే ఆ సంతోషం చూడాలి. ఇది బాగా కుదిరాక, పాప చూస్తుండగా ఇంకొక మూతను గిన్నె కిందికి జరిపి "ఇప్పుడెన్ని?" అని అడగండి. కూడికకు ఇదే మొదటి పాఠం.

మూడు దాటాక ఆగిపోకండి. ఇళ్లలో మనం ఒకటి, రెండు, మూడు అన్న మాటలే ఎక్కువ వాడతాం. ఎలిజబెత్ గండర్సన్, సూజన్ లెవిన్ 2011లో ప్రచురించిన అధ్యయనంలో, కంటి ఎదుట ఉన్న వస్తువులను చూపిస్తూ తల్లిదండ్రులు అంకెలు మాట్లాడిన ఇళ్లలో పిల్లలకు తర్వాత సంఖ్యల అర్థం బాగా తెలిసిందని, అందులోనూ నాలుగు నుంచి పది వరకు ఉన్న గుంపుల గురించి మాట్లాడటం ముఖ్యమని తేలింది. రైతుబజారు నుంచి వచ్చాక సంచిలోని నిమ్మకాయలు పళ్లెంలో పెట్టి మాట్లాడటం అలాంటిదే. ఎదురుగా లేని వాటి గురించి అడిగితే ఆ ఫలితం రాదు.

ఐదుకు చెయ్యి ఉండనే ఉంది. ఒక చిన్న జాగ్రత్త: అమ్మమ్మలు, నానమ్మలు వేలి కణుపుల మీద లెక్కపెడతారు. పెద్దలకు అది ఎంతో ఉపయోగం గానీ పిల్లలకు ఇప్పుడే వద్దు. కణుపు మీద బొటనవేలు కదులుతుంటే మొత్తం ఎన్నో కంటికి కనిపించదు. వేళ్లు విప్పి చూపితే కనిపిస్తుంది. పదికి కోడిగుడ్ల అట్ట వాడండి. కిరాణా కొట్లో అడిగితే ఊరికే ఇస్తారు. ముప్పై గుంటల అట్టను రెండు వరసలు, వరసకు ఐదు గుంటలు వచ్చేలా కత్తిరిస్తే పది గుంటల ముక్కలు మూడు వస్తాయి. పై వరస నిండితే ఐదు, కింద ఇంకో రెండు వేస్తే ఏడు. ఏడు అంటే ఐదూ రెండూ అని, పదికి ఇంకా మూడు తక్కువ అని పాప కళ్లకే కనిపిస్తుంది. ఏడు మూతలను కుప్పగా పోస్తే ఇవేవీ కనిపించవు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సాధనం మన చుక్కల ముగ్గు. ఫ్లాటు ముందు వరండాలోనో, బాల్కనీలోనో సుద్దముక్కతో ఐదు చుక్కలు పెట్టండి. దాని కింద సందు చుక్కలు నాలుగు, తర్వాత మూడు, రెండు, ఒకటి. పాపకు ఇంతకన్నా చక్కటి అంకెల పటం దొరకదు. ఒక్కో వరసలో ఒక చుక్క ఎందుకు తగ్గుతోందో సందు చుక్కే చెబుతుంది: పై వరసలో పక్కపక్కనున్న రెండు చుక్కల మధ్య ఒకటి వస్తుంది కాబట్టి. మొదట మీరు చుక్క పెడుతుంటే పాప అంకె చెప్పాలి. కొన్ని రోజులయ్యాక పాపే చుక్క పెట్టాలి. చుక్క పెట్టే చేతికీ అంకె చెప్పే నోటికీ పొత్తు కుదరడానికి దీనంత సాయపడేది నేను చూడలేదు. ఒక రోజు కావాలనే నాలుగు ఉండాల్సిన చోట మూడే పెట్టి, "ముగ్గు సరిగ్గా వచ్చిందా?" అని అడగండి. లెక్కపెట్టకుండానే ఒక పక్క వెలితిగా ఉందని వేలు చూపించే పిల్లలున్నారు. సంక్రాంతి వరకు ఆగనక్కర్లేదు, రోజూ సాయంత్రం పెట్టుకోవచ్చు.

ఆటల్లో వైకుంఠపాళి మంచిదే గానీ ఇప్పుడు కాదు. నూరు పైచిలుకు గడులు, అటూ ఇటూ మెలికలు తిరిగే దారి ఈ వయసుకు ఎక్కువ. పొడుగాటి అట్ట మీద వరసగా పది గడులు గీసి, ఎడమ నుంచి కుడికి 1 నుంచి 10 వేయండి. రాబర్ట్ సీగ్లర్, గీతా రామని 2008లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికాలోని పేద కుటుంబాల పిల్లలు ఇలాంటి పటం మీద మొత్తం గంటసేపు ఆడితేనే అంకెల జ్ఞానంలో స్పష్టమైన తేడా కనిపించింది. అంకెల బదులు రంగులున్న పటంతో ఆడిన పిల్లల్లో ఆ తేడా రాలేదు. ఒక నియమం మాత్రం తప్పకూడదు. పాప కాయ మూడో గడిలో ఉండి, రెండు పడితే "ఒకటి, రెండు" అని జరపకూడదు, "నాలుగు, ఐదు" అంటూ జరపాలి. పాచిక బదులు రెండు గవ్వలు వేయండి. ఒకటి వెల్లకిలా పడితే ఒకటి, రెండూ పడితే రెండు, ఏదీ పడకపోతే కదలకూడదు. సున్నాకు అది తొలి పరిచయం.

రాసిన అంకెలను వస్తువులతో కలపడానికి మాంటిస్సోరి పద్ధతిలో ఒక పెట్టె ఉంటుంది. సున్నా నుంచి తొమ్మిది వరకు గడులు, వాటిలో వేయడానికి 45 కదుళ్లు, అంటే సన్నని కర్ర పుల్లలు. ఇంట్లో పది గ్లాసుల మీద 0 నుంచి 9 రాసిన చీటీలు అంటించి, 45 ఐస్‌క్రీం పుల్లలు ఇస్తే అదే పని జరుగుతుంది. అన్నీ సరిగ్గా వేస్తే చివర పుల్ల మిగలదు, తక్కువా పడదు. ఎక్కడైనా పొరపాటు జరిగితే పుల్లలే చెబుతాయి. సున్నా గ్లాసు ఖాళీగా ఉండిపోవడం చూసి పిల్లలు మొదట్లో ఒప్పుకోరు, అందులోనూ ఒకటి వేయబోతారు. ఈ ఆట ఐదు వరకు గట్టిగా వచ్చాకే మొదలుపెట్టండి. మొదట ఐదు గ్లాసులు, 0 నుంచి 4, పది పుల్లలు చాలు.

అన్ని అంకెలూ లెక్కలు కావన్న సంగతి మనం మరిచిపోతాం. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వెళ్లే ఫ్లైఓవర్ కింద పిల్లర్ నంబరు చెప్పి చిరునామా చెప్పుకుంటాం. లిఫ్టులో 5 నొక్కుతాం. 10 నంబరు బస్సు అంటాం. ఇవన్నీ పేర్లు. అంకె ఆకారం గుర్తుపట్టడానికి పాపకు చూపించండి, సంతోషిస్తుంది. కానీ పిల్లర్ నంబర్లు చదివేస్తోంది కాబట్టి లెక్క వచ్చేసిందని అనుకోవద్దు.

ఏ భాషలో అని మీరు అడగలేదు గానీ, అడగాల్సిన ప్రశ్న. ఇంట్లో మీరు మాట్లాడే భాషలోనే లెక్క మొదలుపెట్టండి. మూడు అంటే ఏమిటో తెలిసిన పాపకు "త్రీ" అనే పేరు నేర్పడం చిటికెలో పని. కొత్త అర్థాన్నీ కొత్త భాషనూ ఒకేసారి ఎత్తుకోవడం కష్టం. తెలుగులో మనుషులను ఇద్దరు, ముగ్గురు, నలుగురు అని వేరుగా లెక్కపెడతాం కాబట్టి రెంటినీ పక్కపక్కన వినిపించండి. "మనం నలుగురం, పళ్లేలు నాలుగు కావాలి" అని, ఒక్కొక్కరి ముందు ఒక్కో పళ్లెం పెట్టమనండి. రోజూ భోజనం వేళ జరిగే ఈ పని, నా లెక్కలో ఏ కార్డుకన్నా మేలు.

జాగ్రత్తలు చెప్పకుండా వదలలేను. గింజలతో ఆడించేటప్పుడు గురివింద గింజలు, ఆముదపు గింజలు అసలు ముట్టనివ్వకండి. రెండూ విషమే. గురివింద గింజ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, నమిలితే ప్రాణం మీదికి తెస్తుంది. చింతపిక్కలు విషం కావు గానీ ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు, కాబట్టి పక్కన మనిషి ఉండాలి. ఇంట్లో మూడేళ్లలోపు తమ్ముడో చెల్లెలో ఉంటే ఇంకా జాగ్రత్త. టిష్యూ చుట్ట మధ్యనుండే అట్టగొట్టంలోంచి దూరే వస్తువేదైనా వారి గొంతుకు అడ్డంపడే ప్రమాదం ఉంది. నీళ్ల సీసా మూతలూ అందులోంచి దూరుతాయి. అప్పుడు పెద్ద డబ్బాల మూతలు వాడండి.

ఫోన్‌లోని లెక్కల ఆటలు వద్దనే చెబుతాను. తెర మీద ఆపిల్‌ను ముడితే అంకె ఫోనే పలుకుతుంది, పాప పలకాల్సిన పని ఉండదు. చేతిలో బరువూ ఉండదు, గిన్నెలో చప్పుడూ ఉండదు.

అబాకస్ తరగతిలో ఇప్పుడు చేర్చకండి. అక్కడ పై పూస ఒకటే ఐదుకు బదులుగా నిలుస్తుంది. ఐదు మూతలను ఐదు అని ఇంకా పట్టుకోని పిల్లకు ఒక పూసను ఐదు అనమంటే అయోమయం పెరుగుతుంది. ఆ డబ్బు దాచుకోండి, ఒకటో తరగతి తర్వాత పాపకు ఇష్టమైతే ఆలోచించవచ్చు.

రోజుకు పది నిమిషాలు చాలు, పాప లేచి వెళ్లిపోతే అక్కడితో ఆపేయండి. ఒక్క విషయం మాత్రం గమనిస్తూ ఉండండి. కొన్ని నెలలు ఇలా ఆడాక కూడా రెండుకూ మూడుకూ తేడా పట్టలేకపోతే, లేదా మాటలు కూడా తోటి పిల్లలకన్నా బాగా వెనకబడి ఉంటే, ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించి పిల్లల డాక్టరుతో మాట్లాడండి. మీరు రాసినదాన్ని బట్టి మీ పాప విషయంలో అలాంటి సూచన నాకు కనిపించలేదు.

ఈ వారం మూతల పరీక్ష చేసి, పాప ఎంతవరకు సరిగ్గా ఇస్తోందో, "ఎన్ని?" అంటే మొత్తం చెబుతోందా లేక మళ్లీ లెక్కపెడుతోందా, ఈ రెండూ ఇక్కడ రాయండి. ఏ ఆటతో మొదలుపెట్టాలో దాన్ని బట్టి చెబుతాను.